హోటల్‌ని కాదు, నెలను ఎంచుకోండి

దొడ్డబళ్ళాపురంలో పాతకాలపు భోజనం చేయాలనుకునేవాళ్ళకు నేనిచ్చే సలహాలు చాలామందికి తలకిందులుగా కనిపిస్తాయి. మంచి హోటల్ ఏదో ముందే కనుక్కోవడం, ఆదివారం ఇంటిల్లిపాదీ తీరిగ్గా వెళ్ళడం, మెనూ చూసి ప్రత్యేకమైనదేదో తెప్పించుకోవడం, కారం తగ్గించమనడం, మిగిలింది పార్సిల్ కట్టించుకోవడం తెలివైన పనులని లోకం అనుకుంటుంది. ఈ అయిదింటినీ మానుకోమంటాను నేను. బెంగళూరుకు ఉత్తరాన 40 కిలోమీటర్ల దూరంలో, హిందూపురం వెళ్ళే దారిలో ఉన్న ఈ మరమగ్గాల ఊళ్ళో తిండి మన ఇష్టాన్ని బట్టి రాదు. వాన ఎప్పుడు పడిందో, చేనులో ఏముందో, ఆ పొద్దు పొయ్యి మీద ఏది ఉడికిందో దాన్ని బట్టి వస్తుంది. దాని వేళకు మనం వెళ్ళాలి.

అందుకని హోటల్ పేరు కోసం వెతకొద్దు. ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి. నన్నడిగితే డిసెంబరు నడిమి నుంచి జనవరి ఆఖరు దాకా వెళ్ళమంటాను. ఈ తాలూకాలో రాగి వానపంట. తొలకరి దాటాక విత్తి, నవంబరు, డిసెంబరు నెలల్లో కోస్తారు. పాతపద్ధతి చేనులో రాగి ఒక్కటే ఉండదు. కొన్ని సాళ్ళకొకసారి అనప, కంది, ఆముదం, ఆవాలు కలిపి వేస్తారు. కన్నడంలోనూ ఇక్కడి తెలుగులోనూ దీన్ని అక్కడి సాళ్ళు అంటారు. రాగి కోసేశాక చేనులో పచ్చగా నిలిచేది అనప. పగళ్ళు కురచబడే కాలంలోనే అది పూతకు వస్తుంది, మంచు పడే రోజుల్లో కాయ నిండుతుంది. అలా కొత్తరాగి పిండి, పచ్చి అనపకాయ ఇంచుమించు ఒకే కాలంలో ఇల్లు చేరతాయి. ముద్దకూ అనపగింజల సారుకూ జత కుదిరింది ఆ చేనులోనే.

అనపకాయ తొక్క మీద నూనెలాంటి జిగట ఒకటి ఉంటుంది. వలిచిన చేతికి అంటితే రెండుసార్లు కడిగినా వాసన పోదు. దాన్నే సొగడు అంటారు. సంతలో ఆడవాళ్ళు కాయను కళ్ళతో చూసి కొనరు, చేతిలోకి తీసుకుని వాసన చూసి కొంటారు. మంచు బాగా పడిన ఏడు సొగడు బాగా ఉంటుందని రైతులు చెబుతారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పగటి నిడివితో పని లేకుండా ఎప్పుడు విత్తినా కాసే హెబ్బాళ అవరె (అనప) రకాలను తెచ్చారు. వాటివల్ల ఇప్పుడు ఏడాది పొడుగునా కాయ దొరుకుతోంది. రైతుకు అది మేలే, నేను కాదనను. అయినా మే నెలలో ఎవరైనా అనపగింజల సారు ఉందంటే తినకుండా వచ్చేయండి. గింజ ఉంటుంది, సొగడు ఉండదు. ఒకసారి అది తిని ‘ఇంతేనా’ అనుకున్నవాళ్ళు మళ్ళీ జనవరిలో అటువైపు రారు. అదీ నా బాధ.

డిసెంబరు, జనవరి నెలల్లో పితికిపప్పు సారు దొరికితే వదలొద్దు. గింజల్ని రాత్రంతా నీళ్ళల్లో నానబెడతారు. పొద్దున్నే ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పొట్టు చేతిలో ఉండి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఒక కుటుంబానికి సరిపడా పితకాలంటే ఇద్దరు మనుషులు గంట కూర్చోవాలి. హోటల్‌కి సరిపడా పితకాలంటే ఎంతమంది వేళ్ళు నానిపోవాలో మీరే లెక్కేసుకోండి. పప్పు ఉడికాక లేత పసుపు రంగులో, మీగడలా మెత్తగా ఉంటుంది. కొబ్బరి, ధనియాలు, చెక్క, లవంగం, కొత్తిమీర నూరిన మసాలా దాంట్లో పడుతుంది. పప్పు చితికిపోకూడదు, మసాలా దాన్ని మింగేయకూడదు. బెంగళూరులో ఏటా చలికాలం అవరెబేళె మేళా జరుగుతుంది. అక్కడ అనపతో దోసె మొదలు జిలేబీ దాకా చేస్తారు. సరదాకు వెళ్ళండి. ఆకలితో వెళ్ళాల్సింది మాత్రం ఇక్కడికే.

వానాకాలంలో వెళ్ళేవాళ్ళకు వేరే అదృష్టం ఉంది. జులై, ఆగస్టుల్లో చేల గట్ల మీద, రాగి సాళ్ళ మధ్య ఎవరూ విత్తని ఆకు లేస్తుంది. పొన్నగంటి, గునుగు, కామంచి, ఇంకా నాకు పేర్లు చెప్పినా గుర్తుండని ఆకులు నాలుగైదు కలిపి కోసుకొస్తారు. దాన్ని బెరకె సొప్పు అంటారు. దాంతో మస్సొప్పు చేస్తారు. ఆకు, కందిపప్పు, పచ్చిమిరప, వెల్లుల్లి కలిపి ఉడకబెట్టి, పప్పుగుత్తితో మెదిపి, పైన తాలింపు పెడతారు. ఒకే ఆకుతో చేసినదానికీ దీనికీ పోలిక లేదు. కొంచెం చేదు, కొంచెం జిగురు, కొంచెం పులుపు వేర్వేరుగా తగులుతాయి. ఎండాకాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఉప్పుసారు, మజ్జిగ, అంబలి తాగి నీడపట్టున కూర్చోండి.

మాంసం తినేవాళ్ళకు చెప్పేది వింటే కోపం వస్తుందేమో. దొడ్డబళ్ళాపురంలో మొదటిసారి మాంసం అడగొద్దు. హైవే మీద ఏ ధాబా బోర్డు చూసినా ‘నాటుకోడి సారు, ముద్ద’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. పోక పాళతో చేసిన దొన్నెల్లో బిర్యానీ బెంగళూరంతా దొరుకుతుంది. మాంసం వంటలకు పేరుపడ్డ మిలిటరీ హోటళ్ళ మీద నాకు గౌరవమే ఉంది. తలకాయ మాంసం, బోటి, ఖీమా ఉండలు, కాళ్ళ సూపు అంత శ్రద్ధగా చేసేవాళ్ళు దక్షిణాదిలో తక్కువ. అయితే ఆ కూరలకు గిరాకీ ఉంది. ఎంత దూరం నుంచైనా కార్లలో వచ్చి తింటారు, ఎంత ధరైనా ఇస్తారు, కాబట్టి అవి బతుకుతాయి. బస్సారు, మస్సొప్పు, ఉప్పుసారుల సంగతి అలా కాదు. ‘ఇంట్లో చేసుకునే ఆకుకూరకు హోటల్లో డబ్బులెందుకు’ అనుకుని వాటిని ఎవరూ అడగరు. ఎవరూ అడగకపోతే ఒకరోజు వండటం మానేస్తారు. బయటి ఊరివాళ్ళు వచ్చి అది అడిగి తినడం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది.

బస్సారు చేసే తీరు ఒకసారి దగ్గర నిలబడి చూడండి. అలసందలో, పెసలో, అనపగింజలో ఆకుతోపాటు ఒకే కుండలో ఉడకేస్తారు. దంటు ఆకు గానీ, మెంతికూర గానీ, సబ్బసిగె (సోయికూర) గానీ, ఏది దొరికితే అది. ఉడికాక నీళ్ళన్నీ వేరే గిన్నెలోకి వంచేస్తారు. ఇక వంట రెండు దారులు పడుతుంది. కుండలో మిగిలిన ఆకు, గింజలకు ఎండుమిరప, ఉల్లిపాయ, వెల్లుల్లితో తాలింపు పెట్టి, పైన పచ్చికొబ్బరి చల్లితే పల్య. వంచిన నీళ్ళలో సారు. కాల్చిన ఉల్లిపాయ, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, కొబ్బరి, కొంచెం చింతపండు, ఉడికిన గింజలు ఒక పిడికెడు కలిపి నూరి, ఆ నీళ్ళల్లో వేసి మరిగిస్తారు. ఒక్క పొయ్యి, ఒక్క కుండ, రెండు వంటకాలు. ఆకులోని సారం ఒక్క చుక్క కూడా బయటికి పోదు. రాగి తినే వానపంట పల్లెల్లో కట్టెపుల్లా నీళ్ళూ లెక్కగా వాడుకున్నవాళ్ళు కనిపెట్టిన వంట ఇది. మరుసటి రోజు దీని రుచి ఇంకా పెరుగుతుంది. నిన్నటి బస్సారు ఉందని ఎవరైనా మొహమాటపడుతూ చెబితే అదే పెట్టమనండి.

ఆదివారం వెళ్ళొద్దన్నానుగా, కారణం ఇది. ఆదివారం నంది కొండకు, ఘాటి సుబ్రహ్మణ్యకు, మాకళిదుర్గకు బయల్దేరిన బెంగళూరు జనమంతా మధ్యాహ్నానికి ఈ దారిన పడతారు. వంటవాళ్ళు ఆ గుంపు కోసం వండుతారు. ఆ గుంపుకు కావలసింది నాటుకోడి, బిర్యానీ, గోబీ మంచూరి. ఊరివాళ్ళు ఆదివారం మాంసం ఇంట్లో వండుకుంటారు, హోటల్‌కి రారు. ఊరివాళ్ళు తినని రోజు ఊరి భోజనం ఎలా దొరుకుతుంది? బుధవారమో గురువారమో వెళ్ళండి. మగ్గాల మీద పనిచేసేవాళ్ళు, లోడు దింపే హమాలీలు, తాలూకా కచేరీకి పనిమీద వచ్చిన రైతులు బల్ల దగ్గర మీ పక్కన కూర్చుంటారు. వాళ్ళు ఎక్కడ కూర్చుంటే అక్కడే మీరూ కూర్చోండి. ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టడం కన్నా, చెప్పులు విప్పి మగ్గం దుమ్ము దులుపుకుని లోపలికి వెళ్తున్న నలుగురి వెనకాల వెళ్ళడం నమ్మకమైన పద్ధతి. మంగళవారం మానండి, సుబ్రహ్మణ్యుడికి ఇష్టమైన రోజని ఆ పొద్దు ఘాటికి భక్తులు ఎక్కువ వెళ్తారు. సోమవారమో శనివారమో అయినా పరవాలేదు, అప్పుడు మాంసం ముట్టనివాళ్ళు ఈ వైపు చాలామంది. ఆ రోజుల్లో ఆకుకూర సార్లు చక్కగా కుదురుతాయి.

పెద్ద గుంపుగా కూడా వెళ్ళకండి. పదిమంది కలిసి వెళ్తే వంటవాళ్ళు మీకోసం వేరే వండాల్సి వస్తుంది. ఇద్దరు వెళ్తే ఉన్నదాంట్లో పెడతారు. మనకు కావలసింది ఆ ఉన్నదే.

లోపలికి వెళ్ళాక మెనూ అడగొద్దు, ‘మీ దగ్గర స్పెషల్ ఏంటి’ అని అంతకన్నా అడగొద్దు. ఆ మాటకు జవాబుగా పనీరో, గోబీయో వస్తుంది. ఈ ఊళ్ళో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, నేత పనిలో ఉన్న దేవాంగులు, తొగటలు, పద్మశాలీల్లో మరీ ఎక్కువ. ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో వెళ్ళినవాళ్ళు ఇక్కడ ఇంగ్లీషులోకో హిందీలోకో దిగక్కర్లేదు. వడ్డించే ఆవిడను ‘ఈ పొద్దు ఏం సారు అక్కా?’ అని తెలుగులో అడిగి చూడండి.

‘బస్సారు ఉందన్నా. అలసంద కాళ్ళు వేసినా.’

‘పల్య కూడా ఉందా?’

‘అది లేకుండా బస్సారెట్లా అయితాది? కూర్చోండి. ముద్ద ఒకటా, రెండా?’

ఇంతే మాట్లాడాల్సింది. కాళ్ళంటే గింజలని మీకు తెలిసిపోతుంది, పళ్ళెం ముందుకొస్తుంది.

పోర్చుగల్ పల్లెటూళ్ళల్లోనూ ఇదే నీతి నడుస్తుంది. అక్కడి చిన్న భోజనశాలల్లో పలక మీద సుద్దముక్కతో ఆనాటి వంటకం ఒకటి రాసిపెడతారు, దాన్ని ప్రాతు దు దియ అంటారు. మాంసం, కూరగాయలు కలిపి ఉడకబెట్టే కొజీదు లాంటివి చాలా చోట్ల వారంలో ఫలానా రోజే వండుతారు. ఊరివాళ్ళు పలక చూసి కూర్చుంటారు. అచ్చు వేసిన పెద్ద మెనూ పర్యాటకుల కోసం ఉంటుంది. వంతు పెద్దదనుకుంటే సగం వంతు అడిగే ఆనవాయితీ కూడా అక్కడ ఉంది. మన ముద్ద భోజనం దగ్గరా అంతే, ఒక్క ముద్దతో మొదలుపెట్టండి. రెండోది ఎప్పుడైనా వస్తుంది, వేడిగా వస్తుంది.

ఆకలయ్యేదాకా ఆగి వెళ్ళొద్దు. పన్నెండున్నరకల్లా కూర్చోండి. ఎసరు మరుగుతుండగా పిండి కుప్పగా పోసి, నడుమ కట్టె గుచ్చి, ఆవిరికి మగ్గనిచ్చి, తర్వాత కుండను కాళ్ళ మధ్య అదిమిపట్టి ఉండలు లేకుండా కెలకడానికి చాలా బలం కావాలి. కెలికినదాన్ని తడిపిన చెక్కపలక మీద పడేసి, చేయి నీళ్ళల్లో ముంచి, పొగలు కక్కుతున్న పిండిని అరచేత్తో తిప్పుతూ గుండ్రంగా చేస్తారు. చేయి ఎక్కడా ఆగదు, ఆగితే కాలుతుంది. ముద్ద మీద మెరుపు ఆ తిప్పుడులోనే వస్తుంది. మొదటి వాయి పన్నెండు ప్రాంతంలో దిగుతుంది. మూడు గంటలకు వెళ్ళినవాళ్ళకు దొరికేది డబ్బాలో మూతపెట్టి ఉంచిన ముద్ద. మెరుపు పోయి, చెమటపట్టి ఉంటుంది. అది తిని రాగి ముద్ద బాగాలేదని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇక తినే తీరు. చిన్నప్పటి నుంచి బాగా నమిలి తినమని చెప్పించుకున్నాం. ఇక్కడ నమలొద్దు. ముద్దను మధ్యకు చీల్చకుండా అంచు నుంచి రేగిపండంత తుంచి, వేళ్ళతో ఒక్కసారి దొర్లించి, సారులో ముంచి, నాలుక మీద పెట్టుకుని మింగేయాలి. నమిలితే పళ్ళకు అంటుకుని, పిండి రుచి తప్ప ఇంకేమీ తెలియదు. మింగితే సారు రుచి నోరంతా పరుచుకుని, ముద్ద జారిపోతుంది. మొదటి రెండు తునకలకు గొంతు బెదురుతుంది, మూడోదానికి దారి ఇస్తుంది. పల్య మాత్రం నమిలి తినండి, మధ్యమధ్యన. చిన్నపిల్లలకు ముద్ద బదులు అన్నం పెట్టించండి, మింగడం వాళ్ళకు తర్వాత నేర్పొచ్చు.

నమలకపోతే అరుగుతుందా అని అడిగేవాళ్ళకు, ఈ మైదానమంతా తరతరాలుగా అలాగే తిని నాగలి పట్టిందని చెబుతాను. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని పోషకాహార పట్టికలు చెబుతాయి, బియ్యంలో దాంట్లో పదోవంతు కూడా ఉండదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నగరాల్లో రాగి బిస్కట్లు, రాగి పాస్తా పుట్టుకొచ్చాయి. రాగిని నిలబెట్టింది అవి కావు. మండ్య వి.సి. ఫారంలో కూర్చుని, భారతీయ రాగినీ ఆఫ్రికా రాగినీ కలిపి ‘ఇండాఫ్’ రకాలను తయారుచేసిన లక్ష్మణయ్య లాంటి శాస్త్రవేత్త, రోజూ మధ్యాహ్నం రెండు ముద్దలు మింగి పనికి పోయిన మనుషులు నిలబెట్టారు.

కారం తగ్గించమని అడగొద్దు. మిరపకాయ లేకముందు ఈ సార్లలో కారమంతా మిరియాలదే అయివుండాలి. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది. బస్సారులో ఇప్పటికీ మిరియం తగులుతుంది, దాన్ని పోగొట్టుకోవద్దు. కారం పడనివాళ్ళు ఉప్పుసారు ఎంచుకోవాలి. అందులో సారు చప్పగా, ఆకు గింజల ఉడుకునీళ్ళలా తేలిగ్గా ఉంటుంది. పచ్చిమిరప, వెల్లుల్లి, జీలకర్ర, చింతపండు నూరిన కారం వేరుగా పళ్ళెం అంచున పెడతారు. ఎంత కలుపుకోవాలో మీ ఇష్టం. కారం మంటపుడితే నీళ్ళు తాగకండి, నెయ్యి వేయించుకోండి.

పరాయి ఊళ్ళో భోజనం చేస్తూ ‘మా ఊళ్ళో ఇలా కాదు’ అనడం మర్యాద కాదంటారు. నేను తప్పకుండా అనమంటాను. ‘మా వైపు సంగటిలో నూకలు వేస్తారక్కా’ అని చెప్పండి. అనంతపురం, కడప వైపు సంగటిలో బియ్యమో నూకలో ఉడికించి దాంట్లో పిండి పోస్తారు, ఇక్కడ చాలాచోట్ల వట్టి పిండితోనే కెలుకుతారు. ఆ ఒక్క మాట చాలు, ఆవిడ గరిటె పక్కన పెడుతుంది. హిందూపురంలో తన అక్కవాళ్ళింట్లో నూకలు వేస్తారని, తన అత్తగారికి అది ముద్దే కాదని, గౌరిబిదనూరు దాకా ఒక లెక్క, దాటితే ఇంకో లెక్క అని చెబుతుంది. సరిహద్దు రాయి ఎక్కడుందో రెవెన్యూ పటం చెబుతుంది, సంగటిలోకి బియ్యం ఎక్కడ మొదలవుతుందో వడ్డించేవాళ్ళే చెప్పాలి. పొగిడితే నవ్వి ఊరుకుంటారు. పోల్చితే వాదిస్తారు, ఆ వాదనలో వంటంతా బయటికొస్తుంది. ఊరుబిండి పచ్చడి గురించి మీరు చెప్పండి, ఉప్పుసారు పక్కన పెట్టే ఖారా గురించి వాళ్ళు చెబుతారు.

పుష్యమాసంలో ఘాటి సుబ్రహ్మణ్యలో బ్రహ్మరథోత్సవం, దాంతోపాటు పశువుల జాతర జరుగుతాయి. హళ్ళికార్ ఎడ్ల కోసం ఆంధ్ర రైతులూ వస్తారు. ఎడ్ల పక్కనే మూడు రాళ్ళు పెట్టి ముద్ద కెలికే మనుషులు కనిపిస్తారు. పిలవనిదే వాళ్ళ దగ్గర కూర్చోవద్దు. పక్కనే తాత్కాలికంగా వేసిన గుడారపు హోటళ్ళు ఉంటాయి. బల్ల వంకరగా ఉన్నా, నేల దుమ్ముగా ఉన్నా వెనక్కి తగ్గకండి. చూడాల్సింది రెండే: పళ్ళేలు ఏ నీళ్ళల్లో కడుగుతున్నారు, సారు పొయ్యి మీద మరుగుతూ ఉందా. ఆ రెండూ బాగుంటే చలువరాయి గోడల హోటల్ కన్నా అదే మేలు.

డబ్బు దగ్గర బేరం వద్దు. ఆకుకూర భోజనానికి ఇంతా అని పితికిపప్పు దగ్గర అనేవాళ్ళను చూస్తే నాకు మనసు కష్టమవుతుంది. నాటుకోడికి మారు మాట్లాడకుండా ఇచ్చిన ధరలో సగం కూడా ఇక్కడ అడగరు. వేళ్ళు నానబెట్టుకుని పితికినవాళ్ళ కూలి అందులోనే ఉంది.

పార్సిల్ కట్టించుకోవద్దు. ముద్ద చల్లారితే పైన పొర కట్టి బిగిసిపోతుంది, మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరవుతుంది. ఇళ్ళల్లో మిగిలిన ముద్దను రాత్రి నీళ్ళల్లో వేసి, పొద్దున మజ్జిగలో పిసికి, ఉప్పేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. అది ఇంట్లో చేసుకునే పని, రోడ్డు మీద కుదరదు. ఏదైనా తీసుకెళ్ళాలనిపిస్తే సంతకు పోయి అనపకాయలు కొనండి. పితికిన పప్పు కొంటే ఆ రోజే వండాలి, మర్నాటికి జిగురొస్తుంది. కాయలైతే గుడ్డసంచిలో వేయించుకోండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు, హిందూపురం చేరేలోపు చెమటపట్టి సొగడు పోతుంది.